అనిత ఆకులో పిజ్జా

"పెల్లి కాని గుంటకి ఏడాది ఆకేటమ్మా?" అన్నాడు జగన్నాధం.

అరుగు మీద కూర్చుని, పళ్ళలో పుల్ల తిప్పుకుంటూ, ఎవరింటి మేకపిల్ల సంగతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. ఎదురుగా నిలబడ్డ ఈశ్వరికి అరికాలి మంట నెత్తికెక్కింది. అతను పెనిమిటికి అన్నగారు, ఇంటికి పెద్దవాడు. లేకపోతే ఆ పుల్ల ఎక్కడ గుచ్చేదో చెప్పలేం.

సంగతేమిటంటే, నౌపడ ఉప్పుమళ్ళ పక్కన ఆ వీధిలో ఓ పద్ధతుంది. మనిషి పోయి ఏడాది తిరిగిన రోజున ఆ మనిషి పేరున విస్తరాకు వేస్తారు. బతికుండగా ఏది ఇష్టంగా తినేవాళ్ళో అది ఇంట్లో వండి, ఆకులో పెట్టి, పెరట్లో ఉంచి, కాకి కోసం చూస్తారు. కాకి ముడితే పోయినవాళ్ళు తిన్నట్టు. ఆ రోజు నుంచి వాళ్ళు ఇంటి పెద్దల్లో లెక్క. ఏటేటా ఆకు పడుతుంది, ఏటేటా ఆ పేరు నలుగురి నోటా వినపడుతుంది. మొదటి ఏడు ఆకు పడనివాళ్ళ పేరు మాత్రం ఇక ఎవరూ ఎత్తరు. పెళ్ళి కాని ఆడపిల్లలకి ఆకు వెయ్యరు. ఎందుకు వెయ్యరని అడిగితే చెప్పేవాడు లేడు. వెయ్యరంతే.

ఈశ్వరి కూతురు అనితకి పెళ్ళి కాలేదు. ఇరవై రెండేళ్ళు. విజయనగరంలో ఓ పిజ్జా షాపు వంటగదిలో మూడేళ్ళు పనిచేసింది. కిందటేడు చైత్రంలో పచ్చకామెర్లు వచ్చి తొమ్మిది రోజుల్లో పోయింది. ఒక్కతే కూతురు. తండ్రి అసిరయ్య అంతకు ఆరేళ్ళ ముందే పోయాడు.

"మీ తమ్ముడికి మొన్న మాఘంలో ఏటెట్టారు బావా?" అంది ఈశ్వరి.

"ఏటెట్టాం? ఆడికిష్టమైందే ఎట్టాం. చేపల పులుసు, సారా సీసా, బీడీకట్ట."

"తాగి తాగి సచ్చిపోయినోడికి సారా ఎట్టినారు. కాకి ముట్టగానే అందరూ దండాలెట్టినారు. రెక్కలిరుసుకుని ఇల్లు నడిపిన గుంటకి పిజ్జా ఎడతానంటే తప్పొచ్చిందేటి?"

"పిజ్జా," అన్నాడు జగన్నాధం. నవ్వు ఆపుకోలేక దగ్గొచ్చింది. గుమ్మంలో నిలబడి బియ్యం చెరుగుతున్న అతని భార్య తాయారు వైపు చూసి, "ఇన్నావా? పిజ్జా అట," అన్నాడు. తాయారు తల ఎత్తలేదు. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషని వీధంతా అనుకుంటారు.

"నవ్వకు బావా. నాను ఏసీదే ఏసీది. నివ్వు ఒస్తే రా, నేకపోతే మాను."

"ఆకు ఏసీది మగోలు. నాను రాపోతే ఎవులేస్తారు?"

"నాకు రెండు సేతులున్నాయి."

జగన్నాధం నవ్వు ఆగిపోయింది. పుల్ల పారేశాడు. ఉప్పుమళ్ళలో పాతికేళ్ళు పారతో ఉప్పు లాగిన మనిషి ఈశ్వరి, ఒక్కసారి మొండికేస్తే వెనక్కి తగ్గదని అతనికి తెలుసు. అందుకే పెద్దమనిషి తరహాలో ఓ షరతు పెట్టాడు. "సరే, ఏసుకో. కాకి ముడితే నాను నోరెత్తను, ఏటేటా ఏసుకో. ముట్టకపోతే మాత్రం మల్లీ ఈ మాట ఈదిలో ఇనబడకూడదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నాను," అంది ఈశ్వరి. కోపంలో ఒప్పేసుకుంది. ఇంటికొచ్చాక ఆ షరతు ఎంత దుర్మార్గమైందో అర్థమై తనను తాను తిట్టుకుంది.

అసలు చిక్కు అదొక్కటే కాదు. ఆకులో పెట్టే వంటకం కొనకూడదు, సరుకులైతే కొనుక్కోవచ్చు. పిండి కలపడం దగ్గర్నుంచి ఇంట్లో, ఇంటివాళ్ళ చేతుల మీదుగానే జరగాలి. వండేటప్పుడు రుచి చూడకూడదు, చూస్తే ఎంగిలి. ఈశ్వరేమో జన్మలో పిజ్జా వండలేదు సరికదా, సరిగా తిన్నది కూడా లేదు. ఓసారి అనిత అట్టపెట్టెలో పెట్టుకుని రైల్లో తెచ్చింది. చల్లారిపోయి బిగుసుకుపోయిన ముక్క ఒకటి కొరికి, "రబ్బరు చెప్పు నమిల్నట్టున్నాదే," అంది ఈశ్వరి. అనిత పడీపడీ నవ్వింది. "ఏడిగా తినాలమా. ఓ మంగళోరం నాను ఇంట్లోనే సేసి ఎడతాను, అప్పుడు సూద్దువుగాని," అంది. షాపులో ఆమెకు సెలవు మంగళవారం. ఎన్ని మంగళవారాలు వచ్చాయో, ఎన్ని పోయాయో. ప్రతిసారీ పిల్ల అలిసిపోయి వచ్చేది, అన్నం తిని పడుకునేది. లేపి "సెయ్యే" అనడానికి తల్లికి మనసొప్పేది కాదు. లేపి ఉంటే ఎంత బాగుండేది.

మర్నాడు ఈశ్వరి రైలెక్కి విజయనగరం వెళ్ళింది. స్టేషన్ బయట నీలవేణి కాచుకుని ఉంది. గజపతినగరం పిల్ల, అనితతో పాటు అదే వంటగదిలో పనిచేసేది, అదే హాస్టల్లో పక్క మంచం. అనిత పోయినప్పుడు మూడు రోజులు నౌపడలోనే ఉండి ఈశ్వరి తల దువ్వింది.

"అది ఏది తినేదో సరిగ్గా అదే కావాలి. షాపులో అమ్మీది కాదు, అది తినీది," అంది ఈశ్వరి.

నీలవేణి నడుస్తూనే చెప్పింది. "షాపులో మాకు రోజుకొకటి ఇచ్చీవోలు పిన్నీ. అందరం ఉన్నదున్నట్టు తినీసీవోలం. అనిత అలాక్కాదు. దానికి రెండు చీజులు కావాల. మూడు గుప్పిళ్ళు మొజరెల్లా, ఒక గుప్పిడు చెడ్డర్. మొజరెల్లా సాగడానికి, చెడ్డర్ రుచికి. ఒట్టి మొజరెల్లా ఏస్తే, 'సాగుతాది గానీ దీనికో గుణం నేదు' అనీది."

"మరి సాసు?"

"సాసు దగ్గరే పెద్ద తగువు. షాపు సాసు డబ్బాలో ఒస్తాది, తియ్యగా ఉంటాది. మేనేజరు ముందే అనీసింది, 'ఇది సాసేటి, పసిపిల్లల జామ్' అని. తన పిజ్జాకి తనే వండుకునీది. టమాటాలు, ఎల్లుల్లి, ఎండుమిరప. ఆడు అరిసినా ఇన్నేదు. ఆకరికి ఆడే ఓ రోజు అడిగి తిన్నాడు."

ఈశ్వరి నడక ఆపేసింది. కూతురు ఎవరికీ భయపడని పిల్లని తెలుసు. ఆ సంగతి ఇంకొకరి నోటి నుంచి వింటే మాత్రం ఛాతీ ఉప్పొంగింది. ఆ నడిరోడ్డు మీదే కళ్ళు తుడుచుకుంది.

పెద్ద బజారులో చల్లటి అలమార ముందు నిలబడితే ఎన్ని రకాల చీజులో. దిమ్మలు, ముక్కలు, తురుములు, కాగితాల్లాంటి బిళ్ళలు. ఈశ్వరి ఒక్కో ప్యాకెట్టూ తీసి, బొటనవేలితో నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుంది. ప్లాస్టిక్కు వాసన తప్ప ఏమీ రాలేదు. అక్కడ పనిచేసే కుర్రాడు వచ్చి, "ఇది తీసుకోండి ఆంటీ. పిజ్జా చీజ్ అనే రాసుంది, అన్నీ కలిపే ఉంటాయి," అన్నాడు.

నీలవేణి వెనక వైపు చదివి పెదవి విరిచింది. "ఇందులో సగం నూనే పిన్నీ."

"ఇంట్లో పిల్లలకి ఏం తెలుస్తుందాంటీ, అందరూ ఇదే పట్టుకెళ్తారు," అన్నాడతను.

"దానికి తెలుస్తాది," అంది ఈశ్వరి.

మొజరెల్లాలో మళ్ళీ రెండు రకాలు. తురిమినదొకటి, దిమ్మ ఒకటి. తురుముకి అంటుకోకుండా ఏదో పొడి చల్లుతారని నీలవేణి చెప్పగానే ఈశ్వరి దాన్ని అక్కడే పెట్టేసింది. తన కూతురి ఆకులో ఎవరో చల్లిన పొడి ఎందుకు? దిమ్మే తీసుకుంది. చెడ్డర్ పసుపుపచ్చగా గట్టిగా ఉంది. "ఇది ఉప్పగా ఉంటాది పిన్నీ, ఉప్పు సూసుకుని ఎయ్యి," అంది నీలవేణి. ఆ మాట అనకపోతే బాగుండేది, ఎందుకో తర్వాత చెప్తాను. బయట సందులో గంప దించుకున్న చేపలమ్మే ఆవిడ దగ్గర ఐసు అడిగి, చీజు ప్యాకెట్లు అందులో పెట్టి, గుడ్డలో చుట్టుకుని ఈశ్వరి రైలెక్కింది.

ఏడాది రోజు తెల్లారింది. ఈశ్వరి తలస్నానం చేసి, పెరడంతా పేడనీళ్ళతో అలికింది. పిండి పొంగడానికి నీలవేణి ఇచ్చిన ఈస్టు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, మైదా పిసికి, తడిగుడ్డ కప్పి ఎండ పొడలో పెట్టింది. సాసుకి నాటు టమాటాలే తెచ్చింది. హైబ్రీడు టమాటా చూడ్డానికి నిగనిగలాడుతుంది గానీ అందులో పులుపేది? వాటిని ఉడికించి, తొక్క తీసి, వెల్లుల్లీ ఎండుమిరపా నూరి వేసి, నూనె తేలేదాకా మగ్గబెట్టింది. అనిత షాపు నుంచి తెచ్చి డబ్బాలో వేసిన, పిజ్జా మీద చల్లే ఆకుపొడి పొట్లాలు బోలెడున్నాయి. ఇన్నాళ్ళూ వాటిని ఈశ్వరి చారులో వేసుకునేది. రెండు పొట్లాలు చించి సాసులో వేసింది.

ఇక చీజు. ఉప్పగా ఉంటుందన్న మాట ఆవిడ బుర్రలో తిరుగుతోంది. రుచి చూద్దామంటే కూడదు. మరి ఉప్పు ఎక్కువైన సరుకుని ఆ ఊళ్ళో ఎవరైనా ఏం చేస్తారు? ఎండుచేపని ఏం చేస్తారో అదే చేస్తారు. ఈశ్వరి చెడ్డర్ ముక్కలు కోసి గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టింది. నీళ్ళు తెల్లబడ్డాయి. పారబోసి మళ్ళీ పోసింది. మూడు నీళ్ళు మార్చింది. దాన్నొక్కదాన్నీ కడిగి మొజరెల్లాని వదిలేస్తే ఎలాగని దాన్నీ నానేసింది. అంతా అయ్యాక నీలవేణికి ఫోన్ చేసి, "చీజు మూడు నీళ్ళల్లో కడిగీసాను, ఇప్పుడు తురుమొచ్చా?" అని అడిగింది.

"చీజు ఎవులైనా కడుగుతారేటి పిన్నీ?" అంది నీలవేణి.

"ఉప్పన్నావు కదే."

"ఉప్పంటే... అదే దాని రుచి పిన్నీ."

ఈశ్వరి పొద్దు ఎక్కడుందో చూసింది. మళ్ళీ విజయనగరం వెళ్ళి వచ్చే వ్యవధి లేదు. పొద్దు నడినెత్తికి రాకముందే ఆకు పడాలి. ఒక్క నిమిషం ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఏడుపు మీద కోపమొచ్చింది. "కడిగితే కడిగేను. నా సేత్తో కడిగేను," అని పైకే అనుకుని, చీజు ముక్కల్ని పొడిబట్ట మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టింది.

ఓవెను లేదు గనక పెద్ద మూకుడులో రాళ్ళ ఉప్పు రెండంగుళాల మందం పోసి పొయ్యి మీద కాల్చింది. ఉప్పు చిటపటమన్నాక దాని మీద పళ్ళెం పెట్టి, అందులో రొట్టె పరిచి, ఎర్రటి సాసు రాసి, మూడు గుప్పిళ్ళొకటీ ఒక గుప్పిడొకటీ తురుము చల్లి మూత వేసింది. కాసేపటికి ఇంట్లోంచి వీధిలోకి వాసన పోయింది. పక్కింటివాళ్ళు గోడ మీంచి తలలు పెట్టి చూశారు. ఆకులో పిజ్జా పెడుతుందన్న వార్త అప్పటికే ఊరంతా పాకింది. చాలామంది వింత చూడ్డానికే వచ్చారు, అందులో అబద్ధమేం లేదు.

జగన్నాధం కూడా వచ్చాడు. కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, పెరటి గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. తాయారు అతని వెనక నిలబడింది. ఈశ్వరి ఎవరినీ పలకరించలేదు. అడ్డాకుల విస్తరి పరిచి, నీళ్ళు చల్లి, మొదట ఓ గుప్పెడు అన్నం పెట్టింది, అన్నం లేని ఆకు ఆకు కాదు గనక. పక్కనే గ్లాసులో కూల్‌డ్రింకు పోసింది. మధ్యలో వేడివేడిగా పిజ్జా పెట్టి, కత్తితో ఆరు ముక్కలు కోసింది. "అనితా, రాయే," అని పిలిచి వెనక్కి జరిగింది.

పెరటి గోడ మీద నాలుగు కాకులున్నాయి. తలలు అటూ ఇటూ తిప్పుతున్నాయి గానీ దిగవు. పావుగంట అయింది. వచ్చినవాళ్ళు గుసగుసలు మొదలెట్టారు. ఎవరో ముసలావిడ, "ఏదైనా మాటియ్యి ఈశ్వరీ, దాని కోరికేదో తీరుస్తానను," అంది. కాకి దిగకపోతే పోయినవాళ్ళకి ఏదో ఒక మాట ఇవ్వడం వాడుక. ఈశ్వరికి ఇవ్వడానికి ఏ మాటా తోచలేదు. అనిత ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడిగింది లేదు.

అప్పుడు ఒక కాకి దిగింది. గెంతుతూ వచ్చి, అన్నం వదిలేసి, నేరుగా పిజ్జా అంచున ముక్కు పెట్టి చీజు అందుకుని లాగింది. చీజు సాగింది. జానెడు సాగింది, మూరెడు సాగింది, తెగలేదు. కాకి బెదిరిపోయి రెక్కలు టపటప కొట్టుకుని, నోట్లోది విదిలించి పారేసి గోడ మీదికి ఎగిరిపోయింది. మిగతా మూడూ దానితో పాటే లేచిపోయాయి.

"ముట్టింది," అంది ముసలావిడ.

"ముట్టడమేటి, ఉమ్మేసి పోనాది," అన్నారు ఎవరో.

"ముక్కు తగిల్తే ముట్టినట్టే."

"మింగనేదు కదా."

అందరూ జగన్నాధం వైపు తిరిగారు. అతను కుర్చీలోంచి లేచి, గొంతు సవరించుకుని, తీర్పు చెప్పేవాడిలా నిలబడ్డాడు. "కాకి ఒద్దనీసింది. మన కళ్ళతోటే సూసినాం. ఒప్పుకున్న మాట ఉన్నాది కదమ్మా. ఆకు తీసీ. ఇంక ఆ గుంట పేరు ఎత్తకు."

ఈశ్వరి కదల్లేదు. ఒప్పుకున్న మాట నిజమే. కోపంలో ఒప్పుకున్నా ఒప్పుకున్నట్టే. అందరూ అనుకున్నారు ఇప్పుడు వంగి ఆకు తీస్తుందని. ఈశ్వరి ముందుకెళ్ళింది, వంగింది, ఆకు తియ్యలేదు. దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కాకి లాగిన ముక్కే చేతిలోకి తీసుకుని కొరికింది.

పెరట్లో ఉన్నవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. పోయినవాళ్ళ ఆకు, కాకి తినకుండా బతికున్న మనిషి తినడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు, వినలేదు.

"ఏటా పని? మతి పోనాదేటి?" అన్నాడు జగన్నాధం.

ఈశ్వరి నమిలి మింగింది. చైత్రం ఎండకి ఇంకా వేడిగానే ఉంది, మెత్తగా ఉంది. రబ్బరులా లేదు. పిల్ల చెప్పింది నిజమే. పుల్లటి సాసు నాలిక్కి తగిలి, ఆ వెనకే వెల్లుల్లి తగిలింది. ఇదే కదా దాని నోటికి నచ్చింది, ఇదే కదా మేనేజరుతో తగువు పెట్టుకుని మరీ తిన్నది. ఇన్నాళ్ళూ తెలియని సంగతి ఇవాళ తెలిసింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"నా కూతురేటి తినీదో నాకు తెలవాల. కాకికెందుకు తెలవడం?" అంది. "కన్నది నాను. తొమ్మిది రోజులు ఒళ్ళో ఎట్టుకున్నది నాను. ఇది పెద్దల్లో లెక్కో కాదో సెప్పడానికి కాకెవులు, నివ్వెవులు బావా?"

"మాటిచ్చినావు."

"ఇచ్చినాను. తప్పుతన్నాను. అందరూ ఇనండి, నాను మాట తప్పుతన్నాను." ఇంకో ముక్క కొరికింది. "ఉప్పు సాల్లేదు. చీజు కడిగీసాను, నాదే తప్పు. ఒచ్చే ఏడు కడగను. ఆ పై ఏడు ఇంకా బాగా సేస్తాను. నాను బతికున్నన్నాళ్ళూ అనిత పేరున ఆకు పడతాది. ఇష్టమున్నోలు రండి, నేనోలు మానీండి."

జగన్నాధం ఒంటికాలి మీద లేచాడు. కులం అన్నాడు, పద్ధతన్నాడు, రేపు ఈ ఇంటి గుమ్మం ఎవరూ తొక్కరన్నాడు. అతను అలా అంటూనే ఉండగా, వెనక నుంచి తాయారు నడిచి వచ్చింది. తిన్నగా వెళ్ళి ఈశ్వరి పక్కన నేల మీద కూర్చుంది. ఆకులోంచి ఓ ముక్క తీసుకుంది గానీ తినలేదు, చేతిలో పట్టుకుని ఉండిపోయింది.

"ఈశ్వరీ," అంది. "మా సిన్నతల్లికి సేగోడీలంటే ఇష్టమే."

జగన్నాధం, తాయారులకి చిన్నతల్లి అని ఓ కూతురుండేదని, తొమ్మిదో ఏట జ్వరమొచ్చి పోయిందని అక్కడున్న పెద్దవాళ్ళందరికీ తెలుసు. అది జరిగి పద్దెనిమిదేళ్ళయింది. ఈ పద్దెనిమిదేళ్ళలో ఆ పేరు తాయారు నోటి నుంచి విన్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

"తాయారూ, లెగు," అన్నాడు జగన్నాధం. గొంతులో ఇందాకటి జోరు లేదు.

తాయారు లేవలేదు. "ఆషాడ అమాసకి ముందు రోజు పోనాది. ప్రెతీ ఏడూ ఆ రోజు నాను అన్నం తిన్ను. నివ్వు ఎప్పుడైనా సూసినావేటి?"

జగన్నాధం కుర్చీ కోసం చేత్తో వెతుక్కుని కూర్చున్నాడు.

"ఈ ఆషాడానికి సేగోడీలు నాను సేస్తాను," అంది తాయారు అతని మొహంలోకి సూటిగా చూస్తూ. "ఆకు నివ్వే ఏస్తావు."